కొంచెం మెల్ల

ఫిబ్రవరి 6

వదినా,

ఫోన్ చేస్తే నువ్వు "ఎవరూ, గ్యాసా?" అంటావు. గొంతు చించుకుని చెబితే నీకు వినపడదు కానీ మా పక్కింటివాళ్ళకి మన ఇంటి సంగతులన్నీ తెలిసిపోతాయి. అందుకే ఈ ఉత్తరం. అన్నేళ్ళు ఆ తిరిగే గుర్రాల రాట్నం మైకు పక్కన స్టాలులో నిలబడి చెవులు పోగొట్టుకున్నావు. కళ్ళు బాగున్నాయి కాబట్టి చదువుతావు. అన్నయ్య మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

విషయానికి వస్తాను. కుట్టు ఫ్యాక్టరీ మూసేశారు. పొద్దున వెళ్ళేసరికి గేటుకి తాళం, తాళం పక్కన కాగితం. ఇన్నేళ్ళూ నేను కుట్టింది కాలర్లే. చొక్కా మొత్తం ఒక్కటంటే ఒక్కటి నా చేతుల్లో తయారవలేదు. గేటు దగ్గర అందరూ ఏడుస్తుంటే నాకు మాత్రం ఒకటే తోచింది. ఇక మీద చేస్తే మొదలూ చివరా నాదే అయిన పని చేయాలి.

అది బుడగల స్టాలు, మీరు నడిపినలాంటిదే, తుపాకితో బుడగలు పేల్చేది. నవ్వకు. నది ఒడ్డు పార్కులో సాయంత్రం పూట దుకాణాలకిచ్చే చోట్లలో ఒకటి నాకు ఇచ్చారు. ఏప్రిల్ మొదటి తేదీకి తెరవకపోతే వరుసలో నా వెనక ఉన్న ఫోటోల ఆయనకి వెళ్ళిపోతుంది. కాబట్టి నాకు తుపాకి కావాలి. కొత్తవన్నీ ప్లాస్టిక్కు బొమ్మల్లా ఉన్నాయి, మీ దగ్గర ఉండేవాటిలాంటి పాత స్ప్రింగు తుపాకే కొంటాను. గొట్టం విరిచి ఎక్కుపెట్టేది, ఇనుమూ కర్రా తప్ప ఇంకేమీ లేనిది. పాతది ఎలా చూసి కొనాలో నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

చిన్నప్పుడు మీ స్టాలు వెనక కూర్చుని బుడగలు ఊదేదాన్ని, గుర్తుందా? ఎవడైనా గురి తప్పి "తుపాకిలోనే ఏదో ఉంది" అంటే, అన్నయ్య అదే తుపాకి తీసుకుని ఠప్ ఠప్ ఠప్‌మని మూడు బుడగలూ పేల్చేవాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాడట" అనేవాడు. జనం ఒకటే నవ్వు. నా బుగ్గలు గాలితో నిండి ఉండేవి కాబట్టి నేను నవ్వలేకపోయేదాన్ని. మా అన్నయ్య గురి లోకంలో ఎవరికీ లేదని అప్పుడు అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఎలా చూడాలో వివరంగా రాయి. వద్దని మాత్రం రాయకు.

నీ ఆడపడుచు


ఫిబ్రవరి 15

మరదలు పిల్లకి,

వద్దు.

ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు, రాశాను. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నువ్వు ముప్పాతిక మొగుడివి, చెప్పిన మాట ఎప్పుడు విన్నావు గనక? ఆ పనిలో నా కాళ్ళు అరిగాయి, మీ అన్నయ్య మోకాళ్ళు పోయాయి. వాన వస్తే ఆ రోజుకి సంపాదన లేదు. ఇక్కడికి వచ్చెయ్యి. వెనక గది ఖాళీగా ఉంది, మిషన్ పెట్టుకోవచ్చు. మీ అన్నయ్య కూడా అదే అన్నాడు. అయితే ఆయన అన్నది "రమ్మను, రాదు" అని.

రావని నాకూ తెలుసు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే వంశం మీది. అందుకని విను.

ముందు తుపాకిని చేతిలోకి తీసుకోకు, చూడు. కర్ర ట్రిగ్గర్ దగ్గర వెంట్రుకవాసి చీలి ఉంటుంది, గోరుతో తడిమితే తెలుస్తుంది. స్క్రూల తలలు చూడు. నలిగి ఉంటే తెలియనివాడు విప్పి బిగించాడన్నమాట. తర్వాత గొట్టం మడిచే కీలు దగ్గర పట్టుకుని పక్కకి ఊపు, టక్కుమనకూడదు. గొట్టం వెంబడి కన్ను పెట్టి చూడు. ఎవడో బుద్ధిలేనివాడు గొట్టం తెరిచి ఉండగానే ట్రిగ్గర్ నొక్కితే అది ఎగిరి మూసుకుని పైకి వంగిపోతుంది. వంగినదాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోకు.

ఎక్కుపెట్టేటప్పుడు లోపల బరబరమని గీసుకుంటే స్ప్రింగు విరిగినట్టు. పెల్లెట్, అదే సీసం గుండు, పెట్టేటప్పుడు గొట్టాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకునే ఉండు. అది జారి మూసుకుంటే వేలు నీది కాదు. ఎదురుగా దళసరి పరదా, పక్కన మనిషి లేకుండా ఉంటేనే కాల్చు. పెల్లెట్ లేకుండా ఒక్కసారి కూడా కాల్చకు, లోపల గాలిని నెట్టే పిస్టను పగులుతుంది. గొట్టం మూసే అతుకు మీద పలచటి కాగితం ముక్క వేసి కాల్చు. కాగితం ఎగిరితే గాలి అక్కడే పోతోంది, తోలు బిళ్ళ మార్చాలి.

ఆఖరిది అన్నిటికన్నా ముఖ్యం. స్టాలు తుపాకికి కొంచెం మెల్ల ఉండాలి. మెల్ల లేని తుపాకి పెట్టుకుంటే ఇల్లు మునుగుతుంది. మరీ ఎక్కువ వద్దు, కొంచెం చాలు. దీని గురించి కాగితం మీద ఇంతకన్నా రాయకూడదు, మీ అన్నయ్య చూస్తే తిడతాడు.

గది మాత్రం ఊడ్చి ఉంచాను.

నీ వదిన


ఫిబ్రవరి 27

వదినా,

దొరికింది!

వంతెన కింద పాత సామాన్ల కొట్టు ఉంది. ఫ్యాన్ల రెక్కలూ, అద్దం లేని గడియారాలూ, వాటి మధ్య గోడకి ఆనించి ఇది. కర్ర అద్దంలా మెరుస్తోంది. చీలిక లేదు. కీలు టక్కుమనలేదు. కొట్టాయన వెనక సందులోకి తీసుకెళ్ళి, గోనె సంచుల గుట్ట ముందు డబ్బా పెట్టి కాల్పించాడు. అబ్బ, ఏం చప్పుడు వదినా! పిడుగు పడ్డట్టు పేలింది. పెల్లెట్ డబ్బాకి అటూ ఇటూ చిల్లు చేసి సంచుల్లో దిగింది. గొట్టం లోంచి సన్నగా పొగ కూడా వచ్చింది. ఆ పొగలో ఏం వాసనో చెప్పుకో. మా కుట్టు మిషన్ నూనె! నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళు ఆ వాసనలోనే బతికాను కదా. దీన్ని ఇంత శ్రద్ధగా నూనె వేసి చూసుకున్న మనిషి మోసం చేయడనిపించింది.

ఒక్కటే అనుమానం. నువ్వు కొంచెం మెల్ల ఉండాలన్నావు, ఇది మరీ గట్టిగా ఉంది. కొట్టాయనని అడిగితే "ఎవరైనా గట్టిది కావాలంటారు, మీరేంటండీ మెల్లది కావాలంటారు?" అని నావైపు వింతగా చూశాడు. నీ జవాబు రాగానే వెళ్ళి తెచ్చుకుంటానని చెప్పి వచ్చాను.

బహుమతులకి కుందేలు బొమ్మలు కుడుతున్నాను. ఫ్యాక్టరీ వాళ్ళు పారేసిన కాలరు ముక్కలు రెండు సంచులు తెచ్చుకున్నాను. చెవులకి కాలరు గుడ్డ ఎంత బాగా కుదిరిందో! నిటారుగా నిలబడతాయి.

నీ ఆడపడుచు


మార్చి 3

మరదలు పిల్లకి,

కొనకు. పైన పటారం, లోన లొటారం అది.

నువ్వు విన్నది తుపాకి చప్పుడు కాదు, నూనె చప్పుడు. స్ప్రింగు గాలిని ఒక్కసారిగా నొక్కితే అక్కడ వేడి పుడుతుంది. ఆ చోట నూనె పోస్తే భగ్గుమంటుంది. ముసలి స్ప్రింగుని కుర్రదానిలా చూపించడానికి ఇదో ఎత్తు. మన స్టాలుకి తుపాకులు అమ్మడానికి వచ్చినవాళ్ళు కూడా ఇదే చేసేవాళ్ళు. మీ అన్నయ్య మొదటిసారి నిజంగానే పడిపోయాడు, ఆ సంగతి ఆయన నీకు చెప్పి ఉండడు.

నమ్మకపోతే వెళ్ళి వరసగా కాల్చు. పొగ ఆగిపోయేదాకా కాల్చు. ఆగాక డబ్బాకి ఏమవుతుందో చూడు. నూనె వాసన చూసి మనిషిని నమ్మిందట! నీ ముక్కుని కూడా ఫ్యాక్టరీతో పాటు మూసెయ్యాల్సింది.

మెల్ల లేదన్నావు కాబట్టి ఎలాగూ మనకి పనికిరాదు. గది కిటికీకి కొత్త గొళ్ళెం వేయించాను.

నీ వదిన


మార్చి 16

వదినా,

నువ్వన్నదే నిజం. వెళ్ళి కాల్చాను. మొదట పిడుగులు, తర్వాత దగ్గులు, ఆఖరికి పెల్లెట్ డబ్బాకి తగిలి సొట్ట కూడా పెట్టకుండా కింద పడింది. కొట్టాయన గడియారాలు తుడుస్తూ నావైపు చూడలేదు. ఇంటికి వచ్చి ఒక పూట దిగులుగా కూర్చున్నాను. తర్వాత లేచి టీకొట్టు గోడ మీదా, లైబ్రరీ బోర్డు మీదా "పాత స్ప్రింగు తుపాకి కావాలి" అని కాగితాలు అంటించాను. ఫోటోల ఆయన పార్కు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడని తెలిసింది. తిరగనీ.

ఆ కాగితం చూసి ఒక పళ్ళ డాక్టరు కబురు పెట్టాడు. రిటైరయ్యాడు. రోగికీ రోగికీ మధ్య పెరట్లో సీసా మూతలు గురిచూసి కొట్టుకునేవాడట. ఇప్పుడు మణికట్లు నొప్పి, గొట్టం విరిచి ఎక్కుపెట్టలేకపోతున్నాడు. నన్ను కూర్చోబెట్టి నేను తుపాకిని చూసే ముందు ఆయన నన్ను చూశాడు. "చేతులు చాపండి" అన్నాడు. చాపాను. వణకలేదు. "ఊఁ" అన్నాడు.

నువ్వు చెప్పినవన్నీ ఒకటీ వదలకుండా చూశాను. కర్ర మీద గీతలున్నాయి, చీలిక లేదు. స్క్రూల తలలు కొత్తగా ఉన్నాయి. గొట్టం వంగిందో లేదో కంటితో నాకు తేలలేదు. అందుకని సంచిలోంచి తెల్ల దారం తీసి, గొట్టం మీద ఈ కొస నుంచి ఆ కొసకి బిగించి లాగి పట్టుకున్నాను. దారానికీ ఇనుముకీ మధ్య ఎక్కడా వెలుతురు లేదు. డాక్టరు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని మళ్ళీ చూశాడు. "ఇది నాకెప్పుడూ తోచలేదే" అన్నాడు. గొట్టం తెరిచినప్పుడు "నోరు తెరిచి ఉంది, వేలు పెట్టకండి. ఈ మాట నేను నాకే చెప్పుకునేవాణ్ణి" అన్నాడు. కాగితం ముక్క వేసి కాల్చాను, కొంచెం ఎగిరింది. తోలు బిళ్ళ మార్చాలి, అంతే. ఎక్కుపెడితే లోపల వెన్నలా సాగింది. పొగ లేదు, వాసన లేదు. పెల్లెట్ సీసా మూతకి సొట్ట పెట్టింది.

మెల్ల సంగతి కూడా అడిగాను. "ఉంది, స్ప్రింగుకి వయసు వచ్చింది, కాస్త మెల్లగానే" అని ఆయనే ఒప్పుకున్నాడు. కొనేశాను. ఇవ్వబోతూ ఒకసారి కర్ర మీద చెయ్యి వేసి ఉంచాడు. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను, ఆయన తీసుకోవలసినంతసేపు తీసుకోవాలని.

ఇక గది ఊడవడం ఆపెయ్యి.

నీ ఆడపడుచు


మార్చి 24

మరదలు పిల్లకి,

దారం సంగతి మీ అన్నయ్యకి చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు. మొహం అటు తిప్పుకున్నాడు కానీ మీసం కింద నవ్వు నాకు కనపడింది. నేను కూడా ఒప్పుకుంటున్నాను. మంచి తుపాకి పట్టావు. తోలు బిళ్ళ నేనే కోసి ఈ కవరులో పెట్టాను, ఒక చుక్క నూనెలో నానబెట్టి వెయ్యి. చుక్క అంటే చుక్కే.

అమ్మేవాడే మెల్ల ఉందని ఒప్పుకున్నాడంటే చాలా పెద్దమనిషి. ఎవరూ ఒప్పుకోరు. కానీ అసలు సంగతి రాయలేదు. ఎటు? కుడికా, ఎడమకా? వెంటనే రాయి.

నీ వదిన


మార్చి 29

వదినా,

గబగబా రాస్తున్నాను, చేతికి రంగు ఉంది. స్టాలు నిలబడింది. వెనక కాన్వాసు రెండు పొరలు వేసి, మధ్యలో పాత కంబళి పెట్టి నేనే పరదా కుట్టాను. నా మిషన్ సూదులు మూడు విరిగాయి.

"మెల్ల ఎటు" అని రాశావు, తుపాకి ఎటు పడతావని అడగబోయి అలా రాశావేమో. కుడికే. నేను కుడిచేతి వాటమే కదా, అది కూడా మర్చిపోయావా?

నీ ఆడపడుచు


ఏప్రిల్ 3

వదినా,

మూడు రోజులకే నా కుందేళ్ళు అయిపోయాయి.

జనం రారేమోనని నాకు భయం ఉండేది. వచ్చారు. వచ్చిన ప్రతివాడూ కొట్టాడు! ఒక బ్యాంకు గుమాస్తా, జీవితంలో తుపాకి ముట్టనివాడు, మూడు బుడగలూ పేల్చి మూడు కుందేళ్ళు పట్టుకుపోయాడు. మర్నాడు వాళ్ళావిడతో వచ్చాడు. ఆవిడ ఇంకా బాగా కొట్టింది. రాత్రి కుడతాను, సాయంత్రం పంచిపెడతాను. ఇలాగైతే ఈ నెలాఖరుకి స్థలం అద్దె కట్టలేను. ఫోటోల ఆయన రోజూ వచ్చి నా ఎదురు బెంచీ మీద కూర్చుంటున్నాడు. కొలతలు తీసుకుంటున్నాడేమో.

మెల్లగా కొట్టే తుపాకి పెట్టుకున్నాక కూడా ఇల్లెందుకు మునుగుతోంది? మీకు ఎలా సాగేది వదినా? మీ అలమరలో బొమ్మల మీద దుమ్ము తుడవడం నాకు గుర్తు. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పు.

నీ ఆడపడుచు


ఏప్రిల్ 4

మరదలు పిల్లకి,

ఈపాటికి తెరిచి ఉంటావు. చేతివాటం గోల ఎందుకు రాశావో కానీ, మెల్ల కుడికే అన్నావు, సంతోషం. మన పాతవన్నీ కూడా కుడికే. మీ అన్నయ్య గొట్టం కొసన గురి చూసే పుల్లని చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేసేవాడు, పెల్లెట్ కుడికి తప్పుకునేది. కంటికి తెలియదు. నువ్వు మాత్రం బుడగకి ఎడమగా పట్టి కొట్టడం అలవాటు చేసుకో. ఎవడైనా తుపాకి మీద గొడవ పెడితే నువ్వే తీసుకుని మూడూ పేల్చి చూపించాలి. ఆ కిటుకు రాకపోతే ఈ వ్యాపారం లేదు.

రాయకూడదనుకుంటూనే అంతా రాసేశాను. చదివి చింపెయ్యి.

నీ వదిన


ఏప్రిల్ 11

వదినా,

చింపలేదు. మిషన్ మీద పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివాను.

మెల్ల అంటే మెల్లకన్నా! నేను మెల్లగా కొట్టేది అనుకున్నాను. కొట్టాయన్నీ, డాక్టరునీ మెల్లది కావాలని అడిగాను. డాక్టరు పాపం స్ప్రింగు గురించి చెప్పాడు. మొదట నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది.

అయితే అన్నయ్య గురి? ఠప్ ఠప్ ఠప్? "ఆడలేక మద్దెల ఓడు" అని జనం చేత నవ్వించాడే, మద్దెల నిజంగానే ఓడు కదా వదినా! దాన్ని ఓడు చేసినవాడే అన్నాడు కదా ఆ మాట! నేను బుగ్గలు ఉబ్బించుకుని ఆయన్ని చూసి పొంగిపోయాను. స్కూల్లో చెప్పుకున్నాను. ఫ్యాక్టరీలో కూడా చెప్పుకున్నాను. ఈ పని ఎత్తుకున్నదే ఆ గురి చూసి. నాకు చాలా కష్టంగా ఉంది. ఆయనకి చదివి వినిపించు, వినిపించకపో, నీ ఇష్టం.

నా తుపాకి మీద సుత్తి పడదు. దారం పెట్టి చూసి కొన్నాను దాన్ని. దాన్ని వంకర చేసి బతికే కంటే ఫోటోల ఆయనకి చోటు ఇచ్చేస్తాను. కానీ ఇవ్వను కూడా.


ఏప్రిల్ 19

మరదలు పిల్లకి,

సంతకం లేకుండా రాశావు. కోపం సరే, నేను ఎవరికి జవాబు రాయాలి?

వినిపించాను. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళాడు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

నేను చెప్పేది కూడా విను. ఆ మెల్లతోనే నీ స్కూలు ఫీజు కట్టాం. ఊళ్ళో బుడగల స్టాళ్ళన్నిటికీ మెల్ల ఉండేది, మాది మిగతావాళ్ళ కంటే తక్కువ. ఇంకొక్క మాట. మెల్ల ఎంత ఉందో తెలుసుకుని, అంతే పక్కకి ప్రతిసారీ తప్పకుండా పట్టి మూడుకి మూడూ కొట్టడం గురి కాదా? నువ్వు కొట్టగలవా? నాకైతే ఎప్పుడూ రాలేదు. నేను కొన్నేళ్ళు ప్రయత్నించి మానేశాను.

సుత్తి వద్దంటే వద్దు. నీ కుందేటికి మూడే కాళ్ళు కదా. మరి ఎలా బతుకుతావో నాకు తెలియదు. గది ఊడవడం మానలేదు.

నీ వదిన


మే 10

వదినా,

మూడు కాళ్ళ కుందేలన్నావు చూడు, ఆ మాట మీద మూడు కాళ్ళ కుందేళ్ళు కుట్టాను. నాలుగు కాళ్ళవాటి కంటే వాటికే గిరాకీ.

నీ ఉత్తరం వచ్చిన రోజు స్టాలు తెరవలేదు. చేతిలో దారం రీలు పట్టుకుని కూర్చున్నాను. తుపాకి వంకరగా ఉండకూడదు, కానీ ఆట కష్టంగా ఉండాలి. అంతే కదా కావలసింది? కాలర్లు కుట్టిన చేతికి ఆ పాటి తోచకపోతే ఎలా? ఇప్పుడు నా స్టాలులో బుడగ పేలిస్తే చప్పట్లు మాత్రమే. కుందేలు కావాలంటే దారం తెంపాలి. ఒక్కో కుందేలునీ ఒక్కో తెల్ల దారంతో వేలాడదీశాను. దారం తెంపితే కుందేలు నీది. బోర్డు మీద ఎర్ర రంగుతో రాశాను: "ఈ తుపాకికి మెల్ల లేదు. కావాలంటే దారం పెట్టి చూసుకోండి." పక్కనే ఒక దారం ముక్క కట్టి ఉంచాను. జనం నిజంగానే గొట్టం మీద బిగించి చూస్తున్నారు. చూసి కాలుస్తున్నారు, తప్పుతున్నారు, తిట్టుకుంటున్నారు. వాళ్ళని వాళ్ళే! తుపాకిని ఒక్కరూ అనడం లేదు. మర్నాడు మళ్ళీ వస్తున్నారు. బ్యాంకు గుమాస్తా వారమంతా వచ్చి, నిన్న ఒక దారం తెంపి ఏడ్చినంత పని చేశాడు. వాళ్ళావిడ ఇంకా తెంపలేదు, ఇద్దరికీ మాటల్లేవట. స్థలం అద్దె కట్టేశాను. ఫోటోల ఆయన ఇప్పుడు బెంచీ మీద కూర్చోవడం లేదు, నా వరసలో నిలబడుతున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. మోకాలు డాక్టరుకి చూపించుకోవాలని గురువారం నీతో చెప్పి బయలుదేరాడు చూడు అన్నయ్య, ఇక్కడికి వచ్చాడు. వరసలో నిలబడ్డాడు. నేను తల ఎత్తేసరికి ఎదురుగా ఉన్నాడు. "ఎంతమ్మా?" అన్నాడు, ఎవరో కొత్తవాడిలా. నేనూ కొత్తదానిలాగే చెప్పాను. దారం ముక్క ముట్టుకోలేదు. తుపాకి చేతిలోకి తీసుకుని ఒకసారి బరువు చూశాడు. ఎక్కుపెట్టేటప్పుడు మోకాలు వణికింది, చెయ్యి వణకలేదు.

తప్పింది. మళ్ళీ తప్పింది. పది కాల్చాడు వదినా, ఒక్క దారం తెగలేదు. పక్కవాళ్ళు "తాతగారూ, వదిలెయ్యండి" అన్నారు. అన్నయ్య తుపాకి కింద పెట్టి, "నీ తుపాకికి మెల్ల ఉందే" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మొహం చూసి మింగేశాను. ఒక కుందేలు ఇవ్వబోతే "కొట్టనిది ఎందుకు?" అని వెళ్ళిపోయాడు. బస్సు దాకా వెళదామన్నా వరసలో జనం.

స్టాలు మూసేటప్పుడు పరదా దించాను. అప్పుడు చూశాను. ఆయన కాల్చిన కుందేలు దారానికి ఎడమగా, వేలు మందం దూరంలో, ఒకే ఒక్క చిల్లు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఒకటి కాదు, పది. ఒకదాని మీద ఒకటి. కోటు బొత్తాం పెడితే అన్నీ దాని కింద దాక్కున్నాయి. మీ పాత తుపాకుల మెల్లకి ఎంత ఎడమగా పట్టాలో సరిగ్గా అంతే పట్టాడు, పదిసార్లూ, ఒక్క నూలుపోగు తేడా లేకుండా. తుపాకి మారినా ఆయన చెయ్యి మారలేదు.

నేను ఏడ్చాను వదినా. కష్టంతో కాదు. నేను చిన్నప్పుడు చూసింది అబద్ధం కాదు. తర్వాత ఆ చిల్లుల మీద ఒక బొత్తాం పెట్టి నాలుగు పోగుల దారంతో కుట్టేశాను. మిగతా పరదా అంతా చిల్లులే, ఎప్పుడో ఒకప్పుడు మారుస్తాను. ఆ ముక్క మాత్రం కత్తిరించి కొత్తదానికి అతుకుతాను.

ఇది ఆయనకి చదివి వినిపించు. ఈసారి నీ ఇష్టం కాదు, వినిపించాల్సిందే.

నీ ఆడపడుచు


మే 18

మరదలు పిల్లకి,

మోకాలు డాక్టరు ఏమన్నాడని అడిగితే "కొత్తగా ఏం లేదు" అన్నాడు, దొంగ మొహం. అప్పటి నుంచీ వింతగా ఉన్నాడు. మంచం మీద కూర్చుని వేలు చాపి గోడ మీద మేకుకి గురిపెడతాడు. ఒక కన్ను మూస్తాడు, వేలు కొంచెం కుడికి జరుపుతాడు, తల అడ్డంగా ఊపుతాడు. పిచ్చి పట్టిందేమోనని భయపడ్డాను. నీ ఉత్తరం వచ్చాక అర్థమైంది. సరిగ్గా ఎదురుగా పట్టడం నేర్చుకుంటున్నాడు, ఈ వయసులో!

వినిపించాను. బొత్తాం దగ్గర ఆపమన్నాడు. కాసేపు కిటికీ గొళ్ళెం తీశాడు, వేశాడు. "ఏ రంగు బొత్తామో రాసిందా?" అని అడిగాడు. రాయలేదన్నాను. "ఎర్రది కుట్టి ఉంటుంది, దానికి ఎరుపంటే ఇష్టం" అన్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు ఉత్తరం మడిచాను.

వెనక గదిలో ఊడ్చి ఊడ్చి విసుగొచ్చింది. ఆ గదిని ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచాను, మన పాత స్టాలు దూరానికి సరిగ్గా సరిపోతుంది. పరదా నువ్వు కుట్టి పంపు. తోలు బిళ్ళలు కోసి పెట్టాను. ఆయన నిన్న పొద్దున్నే లేచి, మోకాళ్ళ మాట ఎత్తకుండా, చిన్న సుత్తి తీసుకెళ్ళి పాత సామాన్లవాడికి ఇచ్చి వచ్చాడు.

నీకు టైమున్నప్పుడు ఇంకో పాత తుపాకి చూడు, మీ అన్నయ్యకి. గొట్టం మీద దారం పెట్టి చూడు, కీలు ఊపి చూడు, కాగితం వేసి చూడు. మెల్లగా కొట్టినా ఫరవాలేదు.

మెల్ల మాత్రం ఉండకూడదు.

నీ వదిన